సత్రం ఎదుటి డేరా

ఎస్తేరుకు ఒకసారి కోపం వచ్చిందంటే ఏళ్ళ తరబడి పోదని ఆమె మొగుడు యేసయ్య అందరికీ చెప్పేవాడు. ఆమె ఇంట్లో లేని సమయం చూసి మరీ చెప్పేవాడు. ఎస్తేరు మనిషి పొట్టి, మాట మాత్రం పొడుగు. రోజూ తెల్లవారుతూనే యాప్రాల్ నుంచి నడుచుకుంటూ లష్కర్‌లోని మిలిటరీ డేరాల షెడ్డుకు పోయేది. అవి యుద్ధం రోజులు. ఎక్కడెక్కడినుంచో చిరిగిన డేరాలు వచ్చి గుట్టలుగా పడేవి. దబ్బనం, మైనం రాసిన దారం పట్టుకుని పొద్దుగూకే దాకా వాటిని కుట్టడమే ఆమె పని. యేసయ్య బండి తోలేవాడు. ఇద్దరూ పని చేసుకుని బతికేవాళ్ళు. ఒకరి జోలికి పోయింది లేదు. ఒకరు తమ జోలికి వస్తే మాత్రం ఎస్తేరు వదిలే రకం కాదు.

ఆమె తండ్రి సాలోమోను నడివయసులో, కరువు రోజుల్లో, మెదక్ చర్చి కట్టేచోట రాళ్ళు మోశాడు. కడుపు నిండా తిండి పెడతారని పోయినవాడు. గోడలు నడుమెత్తు లేచేసరికి చలిజ్వరం వచ్చి ఇంటికి చేరాడు. మళ్ళీ ఆ వైపు పోయే వీలే చిక్కలేదు. గోపురం లేచిందనీ, రంగురంగుల అద్దాలు పెట్టారనీ, క్రిస్మస్‌కు వేలమంది వస్తారనీ ఇతరులు చెబితే వినడమే. ముసలితనంలో ఆయాసం పట్టుకున్నాక ఒకటే పాట అందుకున్నాడు.

"నేను మోసిన రాళ్ళు యాడ వెట్టిన్రో ఒక్కపారి సూడాలె బిడ్డా. జల్దీ తోల్కపో."

నలభై రెండో సంవత్సరం డిసెంబరులో బండి కట్టుకుని బయలుదేరారు. పొద్దుగూకే వేళకు మేడ్చల్ చేరారు. చలి ఎముకలు కొరుకుతోంది. అక్కడ రోడ్డు మీదే ఒక దొరగారి సత్రం ఉంది. దాన్ని చూసుకునేవాడు మల్లేశం. సాలోమోను బండి దిగి, ఎగపోసుకుంటూ వచ్చి సత్రం అరుగు మీద కూలబడ్డాడు.

"ఏ ఊరు?" అన్నాడు మల్లేశం.

"యాప్రాల్ అయ్యా. మెదక్ పోతున్నం," అంది ఎస్తేరు. "మా బాపుకు ఆయాసం. లోపల గాకున్నా గీ అరుగు మీద జర సోటిస్తె సాలు. తెల్లారంగనె ఎల్లిపోతం."

"ఏమోళ్ళు?"

"కిరస్తానపోళ్ళం."

"గది నడుమ వచ్చింది. అంతకుముందుదేందో చెప్పు."

ఎస్తేరు తండ్రి భుజం మీది గుడ్డ సర్దసాగింది. అదే జవాబైంది. మల్లేశం అరవలేదు, తిట్టలేదు. లే అన్నట్టు చెయ్యి ఊపాడు. సాలోమోను గోడ పట్టుకుని లేచాడు. ఆయన ఇంకా బండి దాకా పోనే లేదు, మల్లేశం బిందెడు నీళ్ళు తెప్పించి, ముసలాయన కూర్చున్న చోట పోసి కడిగించాడు. ఆ నీళ్ళు అరుగు మీంచి జారి సాలోమోను కాళ్ళ దాకా వచ్చాయి. ఆయన వాటిని తొక్కకుండా పక్కకు జరిగాడు. అలా జరగడం చూసినప్పుడు ఎస్తేరుకు పగ రగిలింది. అది ఆ తర్వాత ఆరలేదు.

ఆ చలిలో బండి కిందే ముసలాయన గడిపాడు. తెల్లారేసరికి గొంతులో పిల్లికూతలు. మెదక్ సంగతి మరిచి బండిని ఇంటికి తిప్పారు. కొత్త సంవత్సరం వచ్చిన మూడో రోజున సాలోమోను పోయాడు. మట్టి చేసేచోట అందరూ ఏడ్చారు, ఎస్తేరు తప్ప.

"మల్లేశం సత్రంల ఇగ మనిషన్నోడు అడుగు వెట్టకుంట జేస్త," అంది పైకే.

పాస్టరు అయ్యగారు విని, పగ దేవునికి వదిలెయ్యమ్మా అన్నారు.

"దేవునికి మస్తు పనులున్నయి అయ్యగారూ. గీ ఒక్క పని నేన్జేసుకుంట," అంది ఎస్తేరు.

సత్రం ఎలా మూయించాలో ఆమెకు అప్పటికి తెలియదు. రోజంతా చేతుల్లో ఉన్నదాన్నే ఆమె చూడలేదు. ఒకనాడు షెడ్డులో ఇక బాగుపడదని పక్కన పారేసిన డేరా ఒకటి కంటబడింది. సగం కుళ్ళింది, సగం గట్టిగానే ఉంది. జమేదారును అడిగితే పట్టుకుపొమ్మన్నాడు. ఆ రాత్రికి ఎస్తేరుకు నిద్ర లేదు. సత్రం అవసరమే లేనివాళ్ళు సత్రం గడప ఎందుకు తొక్కుతారు? తన ఇల్లు తనే బండి మీద వేసుకుపోతే, ఏమోళ్ళని అడిగేదెవడు?

నెల రోజులు కుట్టి, నలుగురు పడుకునే డేరా చేసింది. కుట్టడం వేరు, దాన్ని నేల మీద నిలబెట్టడం వేరని శామీర్‌పేట చెరువు దగ్గర తెలిసొచ్చింది. తొలకరి రోజుల్లో ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక, దేవరయాంజాల్ మీదుగా బండి తోలుకుని పోయి చెరువు ఒడ్డున డేరా వేశారు మొగుడూ పెళ్ళాలు. నీళ్ళు దగ్గరని పల్లంలో వేశారు. అది మొదటి తప్పు. చినుకులు మొదలయ్యాక యేసయ్య లోపలినుంచి గుడ్డను వేలితో తాకి, తడిసిందా అని చూశాడు. వేలు పెట్టినచోటల్లా ధార కట్టింది. అది రెండో తప్పు. మూడోది ఎస్తేరుది. గాలికి ఊగకూడదని జనపతాళ్ళన్నీ వీణ తీగల్లా బిగించింది. వాన ఊపందుకున్న కాసేపటికి నడిగుంజ ఫట్‌మని విరిగి, డేరా ఇద్దరి మీదా కూలింది.

ఒడ్డున వల సర్దుకుంటున్న గాలయ్య అనే బెస్తాయన పరుగున వచ్చి గుడ్డ ఎత్తి, బయటికి లాగి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"తాడు తడిస్తె దగ్గరికి గుంజుకుంటది గదా తల్లీ! మా వలతాళ్ళు సూడు, నీళ్ళల్ల వడంగనె మూరెడు తగ్గుతయి. బిగిచ్చిన తాడు వానల గుంజుకుంటె ఎటు వోవాలె? మేకన్న ఊడుతది, గుంజన్న ఇరుగుతది. మబ్బు వట్టంగనె తాళ్ళు వదులు జెయ్యాలె. ఎండినంక మళ్ల బిగించుకోవాలె. గంతే."

"గింత ముచ్చట మా షెడ్డుల ఎవ్వలు చెప్పలే," అంది ఎస్తేరు, తల మీది నీళ్ళు పిండుకుంటూ.

గాలయ్య వాళ్ళకు చేపలు కాల్చి పెట్టాడు. ఆ వానాకాలమంతా వీలు దొరికిన ఆదివారమల్లా ఎస్తేరు శామీర్‌పేట పోయింది. ఎత్తుగడ్డ చూసుకోవడం, గాలి వచ్చే వైపు డేరా వీపు పెట్టడం, చుట్టూ జానెడు కాలువ తవ్వడం, తడి గుడ్డను తాకకపోవడం, అన్నీ వంటబట్టాయి. చివరికి పొయ్యి మీద జొన్న గట్క ఉడికేలోగా డేరా లేపి, మేకులు దిగ్గొట్టి, లోపల గొంగళ్ళు పరిచేసేది. యేసయ్యకు ఇదంతా సరదా. చెరువు గాలి, చేపలు, ఆకాశం కింద తిండి. ఆమెకు మాత్రం ప్రతి మేకు కొట్టినప్పుడూ మల్లేశం మొహమే కనబడేది.

నలభై మూడు డిసెంబరులో మేడ్చల్ సత్రానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు ఇవతల, సర్కారు జాగాలో ఆమె డేరా లేచింది. డేరా ద్వారం సత్రం ద్వారానికి ఎదురుగా పెట్టింది. పొయ్యి పొగ కూడా అటే పోయేలా చూసుకుంది. తెల్లారి పాటలు పాడి మరీ మెదక్ బండి కట్టింది. మొదటిసారి ఆ గోపురాన్ని తను చూసింది. ఎత్తుకు మెడ నొప్పి పుట్టింది. లోపల మోకరించి తండ్రి కోసం ఒక్క మాట, మల్లేశం మీద పది మాటలు చెప్పుకుంది.

మరుసటి ఏడు నాలుగు డేరాలు. ఆ పై ఏడు పదకొండు. దిగే చోటు లేక ఊరు కదలనివాళ్ళు ఎంతమంది ఉన్నారో ఎస్తేరుకు అప్పుడే అర్థమైంది. ఆమె చుట్టూ చేరి అడిగేవాళ్ళు. ఆమె దాచుకోకుండా చెప్పేది. డేరా దొరకనివాళ్ళకు పాత గోనెసంచులు రెండు పొరలుగా కుట్టుకోమనేది. "ఇల్లంత మోసుకరాకున్రి. ఒక గిన్నె, ఒక సెంబు, తలా ఒక గొంగడి. జొన్నపిండి, ఉప్పు, మిరపకాయలు, ఉల్లిగడ్డ. గిన్ని ఉంటె ఢిల్లీ దాక వోవచ్చు," అనేది. ఆ మాట నమ్మి పెళ్ళయ్యాక పుట్టిల్లు చూడని ఆడవాళ్ళు పుట్టిళ్ళు చూసి వచ్చారు. మెదక్ ఒక్కటే కాదు, జాతరలకూ, చుట్టాల ఊళ్ళకూ జనం డేరాలు కట్టుకుని బయలుదేరారు. ఇది మంచి పనే. కానీ ఎస్తేరు దాన్ని మంచి కోసం చెయ్యలేదు. ఎవరైనా మెచ్చుకుంటే చిరాకు పడేది. రోడ్డుకు అవతల సత్రంలో దీపాలు ఎన్ని తగ్గాయన్నదే ఆమెకు కావాలి.

తగ్గాయి. సత్రంలో దిగే బండివాళ్ళు కూడా, వేడి గట్క, పాటలు, మాటలు ఉన్న చోటికి రోడ్డు దాటి రావడం మొదలుపెట్టారు. ఒకసారి మల్లేశమే వచ్చి, డేరాలు పీకెయ్యమని అరిచాడు.

"సర్కారు జాగ. తాసీల్దారును తోల్కరా, పీకుత," అంది ఎస్తేరు.

అతను గొణుక్కుంటూ పోయాక, అతను నిలబడిన చోట ఆమె బిందెడు నీళ్ళు కుమ్మరించింది. డేరాల్లోవాళ్ళంతా ఈలలు వేశారు. ఆ రోజు ఆమె రెండింతలు తిన్నది.

నలభై ఆరు వచ్చింది. యుద్ధం ముగిసి, లష్కర్‌లో మిలిటరీ డేరాలు అమ్మకానికి పెట్టారు. ఆ డిసెంబరులో ఎస్తేరు బృందం మేడ్చల్ చేరేసరికి సత్రం పక్క మైదానంలో ఆరు పెద్ద డేరాలు నిలబడి ఉన్నాయి. కొత్త గుడ్డ, కొత్త తాళ్ళు. సత్రం ఖాళీ పడిందని దొర గట్టిగా తిట్టాడట. మల్లేశం కూడా డేరాల దారి పట్టాడు. ఎవరైనా దిగవచ్చునని కేకలు వేయిస్తున్నాడు. అరుగుకు అడ్డమైన కులం డేరాకు అడ్డం రాలేదు. ఆ వింత చూడండి.

వెనక వచ్చే బండ్ల కోసం ఎస్తేరువాళ్ళు మరుసటి పగలు అక్కడే ఆగారు. పొద్దున్నే మల్లేశం రోడ్డు దాటి వచ్చాడు. ఈసారి గొంతు మెత్తగా ఉంది.

"ఎస్తేరమ్మా, నాకు డేరాలు కొత్త. నువ్వు తెలిసినదానివి. ఒక్కపారి వచ్చి, సరిగ్గ కట్టిన్నో లేదో సూడరాదు?"

"నన్నడుగుతున్నవా?"

"ఇంకెవల్ని అడగాలె? నాలుగేండ్ల సంది నా ఎదురుంగనే కడ్తున్నవ్. నీకు నా మీద గింత పగ ఏందో నాకు సమజ్ గాదు గని... నేను నీకేం జేసిన?"

ఎస్తేరు అతని మొహంలోకి చూసింది. వెక్కిరింత కాదు. నిజంగానే అతనికి గుర్తు లేదు. కడిగిన అరుగు, నీళ్ళు తొక్కకుండా పక్కకు జరిగిన ముసలాయన, ఏదీ గుర్తు లేదు. ఎన్ని అరుగులు కడిగించాడో ఎవరికి తెలుసు! అతనికి గుర్తుండి ఉంటే ఆమె కోపం ఏ కొంచెమైనా తగ్గేదేమో. గుర్తు లేకపోవడంతో అది నెత్తికెక్కింది.

"నడువ్. సూస్త," అంది.

మైదానంలో పదిహేను ఇరవైమంది ప్రయాణికులు మూటలతో నిలబడి ఉన్నారు, దిగుదామా వద్దా అని చూస్తూ. ఎస్తేరు మొదటి డేరా దగ్గరికి పోయింది. తాళ్ళు ముందే మితిమీరి బిగించి ఉన్నాయి. మేకులు నల్లరేగడిలో కొట్టారు. ఆమె తలెత్తి ఆకాశం చూసింది. ఉత్తరం వైపు మబ్బు కమ్ముతోంది. తాడును వేలితో మీటింది. అది మోగింది. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"మస్తు గట్టిగున్నది," అంది, అందరికీ వినబడేట్టు. "ఇంకో సుట్టు బిగిస్తె ఇంకా మంచిది. గాలొచ్చినా కదలదు."

మల్లేశం సంతోషంగా మనుషుల్ని పిలిచి ఆరు డేరాలూ బిగించమన్నాడు. ప్రయాణికులు మూటలు ఎత్తుకుని లోపలికి నడిచారు. ఎస్తేరు ఇవతలికి వచ్చి పొయ్యి రాజేసింది. యేసయ్య ఆమె పక్కన కూర్చున్నాడు.

"గట్లెందుకు చెప్పినవ్? వాన వచ్చేట్టున్నది."

"రానియ్యి. కూలాలె. వాని డేరాలు కూలి, నగుబాటు కావాలె. ఇగ జన్మల వాని జాగల ఎవ్వడు దిగొద్దు."

"లోపల మనుషులున్నరు ఎస్తేరూ."

"తడుస్తరు. తడిస్తె సస్తరా? మా బాపు బండి కింద పండలేదా?"

మధ్యాహ్నం గట్క తిని జనం నడుం వాలుస్తుండగా వాన దిగింది. డిసెంబరులో అంత వాన ఎవరూ చూడలేదు. తొలి చినుకుకే ఎస్తేరు లేచి తన వైపు డేరాలన్నీ తిరిగింది. ప్రతి తాడూ వదులు చేసింది. అందరూ ఆమె నేర్పినట్టే చేశారు. తర్వాత తన డేరా ద్వారంలో నిలబడి రోడ్డుకు అవతల చూడసాగింది. నాలుగేళ్ళుగా ఇంత తీపి వేళ ఆమెకు రాలేదు. తాళ్ళు నల్లబడ్డాయి. బిర్రుగా గుంజుకున్నాయి. రేగడి మెత్తబడింది.

"ఇప్పుడన్న కేకేద్దామా?" అన్నాడు యేసయ్య.

"నోరు మూస్కో."

మొదట ఒక మేకు ఊడి గాలిలోకి ఎగిరింది. ఆ వెంటనే ఆ వరస మేకులన్నీ లేచాయి. అవతలి వైపు తాళ్ళు డేరాను తమ వైపు లాక్కున్నాయి. లోపల గుంజ విరిగిన చప్పుడు వాన మోతలో కూడా వినబడింది. తర్వాత రెండోది, మూడోది. తడిసిన గుడ్డ కింద మనుషులు కొట్టుకుంటున్నారు. ఆడవాళ్ళ అరుపులు. సత్రం అరుగు మీద మల్లేశం రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. ఎస్తేరు నవ్వింది. ఇది దాచిపెట్టి లాభం లేదు. నిజంగా నవ్వింది.

ఆ నవ్వు మొహం మీద ఉండగానే, మొదటి డేరా కిందినుంచి ఒక ముసలాయన్ని బయటికి లాగడం కనబడింది. విరిగిన గుంజ ఆయన కాలి మీద పడింది. మోకాలి కింద కాలు వంకర తిరిగి ఉంది. యేసయ్య అప్పటికే పరుగెత్తాడు. నలుగురు పట్టి ఎస్తేరు డేరాలోకే తెచ్చారు. పొడిగా ఉన్నవి ఇటువైపు డేరాలే గదా. ఆయన పేరు జయరాజు, దేవరయాంజాల్ నుంచి కూతురు సుందరమ్మతో కలిసి మొదటిసారి మెదక్ బయలుదేరాడు. యేసయ్య రెండు కట్టెముక్కలు పెట్టి కాలు కట్టాడు. ఇక మెదక్ లేదు. లష్కర్ ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఆ వయసులో విరిగిన ఎముక అతుకుతుందో లేదో ఎవరికీ తెలియదు.

వాన తగ్గాక బయట రభస మొదలైంది. తడిసినవాళ్ళంతా మల్లేశం మీద పడ్డారు.

"ఆమెనే చెప్పింది!" అని మల్లేశం రోడ్డు మధ్యలో నిలబడి వేలు చూపించాడు. "ఇంకా బిగియ్యమని ఆమెనే చెప్పింది!"

"సిగ్గుండాలె. నీ తప్పుకు ఎస్తేరమ్మను గుంజుతవా?" అని ఒకడు ఉమ్మాడు. ఇంకొకడు అంగీ పట్టుకున్నాడు. మల్లేశం నిజం చెబుతున్నాడని నమ్మినవాడు ఒక్కడు లేడు. జనం తోసుకుంటూ రోడ్డు దాటి ఎస్తేరు వైపు డేరాల్లోకి వచ్చేశారు. సత్రం, మైదానం రెండూ ఖాళీ అయ్యాయి. నాలుగేళ్ళ కిందట ఆమె కోరింది అణా పైసలతో సహా జరిగింది. ఎస్తేరు లోపలికి పోయి తన గొంగడి వెతకసాగింది.

జయరాజును బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టారు. సుందరమ్మ తల దగ్గర కూర్చుంది. ఎస్తేరు తన గొంగడి తెచ్చి ఆయన మీద కప్పుతుంటే ముసలాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నొప్పికి పెదవులు కొరికి ఉన్నాయి. అయినా గొంతు మెత్తగానే ఉంది.

"ఆ మల్లేశం అబద్ధమాడ్తలేడు బిడ్డా. నేను ఆడనే ఉన్న. నువ్వు తాడు మీటి, మస్తు గట్టిగున్నదన్నవ్. ఈ పిల్ల నీ దిక్కే పందామన్నది. నేనే ఒద్దన్న. ఎస్తేరు సూసి చెప్పినంక ఇగ బయమేందని లోపలికి వోయి పండుకున్న."

బండి చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు. రోడ్డు అవతల మల్లేశం కూడా ఇటే చూస్తున్నాడు.

"గంత తెలిసినదానివి," అన్నాడు ముసలాయన, ఆమె తప్పును తనే సర్దుతున్నట్టు. "నీకు గూడ పొరపాటైతదా బిడ్డా?"

అవునంటే చాలు. తల ఊపినా చాలు. అందరూ నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు.

"పొరపాటు గాదు తాతా," అంది ఎస్తేరు. "కూలుతదని తెలిసే చెప్పిన."

జయరాజు ఆమె చెయ్యి వదిలేశాడు. గొంగడిని మెల్లగా తన మీంచి తోసేసి, మొహం అటు తిప్పుకున్నాడు. యేసయ్య ఆమె వైపు చూడకుండానే ఎద్దులను లష్కర్ దారికి మళ్ళించాడు.